దుప్పట్లు ఆరేసే వైన్

రుచి చూసే రోజున ఆ ఇంట్లో ముందుగా చేసే పని తివాచీ చుట్టేయడం. తర్వాత కిటికీ తెరలు ముడేసి పైకి కట్టడం, గోడ గడియారానికి ప్లాస్టిక్ సంచీ తొడగడం, పుస్తకాల బీరువా మీద టార్పాలిన్ కప్పడం. గొడుగులు గుమ్మం పక్కన బకెట్లో నిలబడి ఉంటాయి. తడిగుడ్డలు, మాపు కర్ర వాటి పక్కనే. ఇవన్నీ ఆగమ్మే చేసుకునేది. వైన్ రుచి చూసి ఎప్పుడు అమ్మాలో చెప్పడం ఆవిడ ఉద్యోగం. కానీ ఇన్నేళ్లలో గ్లాసు పట్టుకున్న దానికంటే మాపు కర్ర పట్టుకున్నదే ఎక్కువని ఆవిడ సణుగుడు.

ఆగమ్మ అసలు పేరు అది కాదు. ఎవరు ఏ సీసా ముందు పెట్టి "ఇది అయిందా?" అనడిగినా "ఆగమ్మా" అనో "ఆగవయ్యా" అనో అంటుంది గనక ఆ పేరు పడిపోయింది. తమ్ముడి పిల్లలైతే ఏకంగా ఆగత్త అనే పిలుస్తారు.

వ్యాపారం వాళ్ల నాన్న పెట్టింది. ఆయన పోయాక తమ్ముడు నడుపుతున్నాడు. ఇంటి కింద నేలమాళిగ, దానిపైన రుచి చూసే గది, ఆ పైన అందరి కాపురం. వాళ్లు వైన్ తయారు చెయ్యరు. తోటల వాళ్ల దగ్గర కొత్త వైట్ వైన్ కొని, సీసాలు పడుకోబెట్టి, ఏళ్ల తరబడి కదపకుండా ఉంచి, పాకానికి వచ్చాక అమ్ముతారు. ఎర్రదాని జోలికి పోరు. ఎర్రదైతే తలుపేసుకుని నిశ్చింతగా తాగొచ్చు. తెల్లదానితో అలా కుదరదు. బిరడా తీయగానే ఆ ద్రాక్ష పండిన ఏడాది వాతావరణం గదిలోకి వచ్చేస్తుంది.

పచ్చి వైన్ అయితే అంతా కలగాపులగం. ఈ మూల వడగళ్లు పడుతుంటే ఆ మూల వడగాలి కొడుతుంది, బల్లమీద మంచు కురుస్తుంది, కుర్చీ కింద ఎండ కాస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. పాకానికి వచ్చిన సీసా తీస్తే ఆ ఏడాదిలోని ఒక మంచి పూట మాత్రమే బయటికొచ్చి, పిలిచిన చుట్టంలా మర్యాదగా కూచుంటుంది. మరీ ఎక్కువ కాలం ఉంచేస్తే అదీ రాదు. గది గదిలాగే ఉంటుంది. గ్లాసులోంచి కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన వస్తుంది, అంతే.

ఇదంతా కళ్లకు కనబడుతూనే ఉంటుంది కదా, మరి రుచి చూసే మనిషి దేనికని తమ్ముడు చిన్నప్పుడు నాన్నను అడిగాడు. తెరిపివ్వడం వేరు, వాన వెలవడం వేరు అన్నాడు ఆయన. గదిలో వాన ఆగినంత మాత్రాన వైన్ పండినట్టు కాదు. అది కాసేపు ఊపిరి తీసుకుంటోందా, నిజంగా శాంతించిందా అన్నది నాలుకకీ ముక్కుకీ తప్ప కంటికి తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో కిందటేడు అందరూ చూశారు. ఆగమ్మ ఆగమన్నా వినకుండా తమ్ముడు ఒక రకం సీసాలు హోటలాయనకి పంపేశాడు. ఆ రాత్రి భోజనాల మధ్యలో హోటల్ హాల్లో నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. వేలాడే గాజు దీపం పగిలి ముక్కలైంది. పియానోలో నీళ్లు నిండి, ఇప్పటికీ కొన్ని మెట్లు నొక్కితే గుడగుడమంటుందట. అప్పటినుంచి హోటలాయన ఒక్కటే మాట పట్టుకున్నాడు. "మీ అక్కగారు అయిందంటేనే తీసుకుంటాను. మీ మాట నాకొద్దు."

అలా అక్క మాటకి విలువ పెరిగిన ఏడాదే అక్క ముక్కు పోయింది.

చలికాలంలో జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి, అందరికీ తగ్గినట్టే తగ్గింది. కానీ పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్లైంది. సబ్బు జారే రాయి అయింది. డాక్టర్ లైటు వేసి ముక్కులోకి చూసి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కొంతకాలం ఆగండి అన్నాడు. ఆ మాట అవతలివాళ్ల నోట వింటే ఎంత ఒళ్లు మండుతుందో ఆగమ్మకి అప్పుడు తెలిసింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆమెకింక ఆ ఇంట్లో మాపు కర్ర తప్ప ఏం మిగులుతుంది? సీసాలు వస్తూనే ఉన్నాయి, ఆమె వాసన చూస్తున్నట్టు కళ్లు మూసుకుంటూనే ఉంది, ఆగాలి అంటూనే ఉంది. ఆగాలి అన్నమాట చాలా భద్రమైనది. ఆగి చెడిపోయిన వైన్ చప్పుడు చెయ్యదు. ఎవరి దీపాలూ పగలగొట్టదు.

అమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఒకరోజు పొయ్యిమీద పాలు మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే ఆగమ్మ ఆ పొయ్యి పక్కనే కూచుని తీరిగ్గా బఠాణీలు ఒలుస్తోంది. అమ్మ వచ్చి స్టవ్ ఆపి, కూతురి మొహంలోకి ఒకసారి చూసి, గిన్నె తీసుకెళ్లి తోమడానికి పడేసింది. మర్నాటి నుంచి రోజుకోసారి అనడం మొదలుపెట్టింది.

"వాడికి చెప్పవే."

"చెప్తాలే అమ్మా."

"ఎప్పుడు?"

"ఆగవే, చెప్తానంటున్నాగా."

అమ్మ తల కొట్టుకుని వెళ్లిపోయేది.

ఎండలు ముదిరే ముందు హోటలాయన మళ్లీ వచ్చాడు. హాలు బాగుచేయించాడు, కొత్త దీపం పెట్టించాడు, తిరిగి తెరిచే రోజున వచ్చినవాళ్లందరికీ తుపాను సంవత్సరపు వైన్ పొయ్యాలని పట్టుబట్టాడు. ఆ ఏడాది ఊళ్లో సగం పైకప్పులు లేచిపోయాయి. తుపాను వెలిశాక వచ్చిన సాయంత్రం మాత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా మెరిసిందని చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సాయంత్రం నా హాల్లోకి రావాలి అన్నాడు హోటలాయన.

తమ్ముడు బిరడా తీశాడు. తీయగానే గాలి విసురుకి గొడుగులు రెండు తిరగబడ్డాయి. టార్పాలిన్ లేచి అమ్మ మొహానికి కొట్టుకుంది. వాన అడ్డంగా కొట్టింది. హోటలాయన కోటు పట్టుకుని గోడకి అతుక్కుపోయాడు. కాసేపటికి ఉరుము దూరమైంది, చినుకులు పలచబడ్డాయి, పైకప్పు కింద నీలంగా ఒక ముక్క తేలింది. గదిలో నీళ్లు చూరుల్లోంచి కారినట్టు టప్ టప్‌మని కారుతున్నాయి. అందరూ ఆగమ్మ వైపు చూశారు.

ఆమె గ్లాసు ఎత్తి పట్టుకుంది. రంగు బాగానే ఉంది, గడ్డి రంగు దాటి బంగారంలోకి దిగుతోంది. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. నోట్లో పోసుకుంది. చల్లగా ఉంది, పుల్లగా ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. తెరిపో, వెలవడమో ఆమెకేం తెలుసు? నీలం ముక్క అలాగే ఉంది. ముగ్గురి కళ్లూ అలాగే ఉన్నాయి.

"ఆగాలి," అంది.

హోటలాయన అరవలేదు. అరిచినా బాగుండేది. తడిసిన కోటు పిండుకుని, నేను ఇంకో చోట చూసుకుంటాను, మీరు నిదానంగా మీ సీసాలతో ముసలివాళ్లు కండి అని చెప్పి వెళ్లిపోయాడు. మెట్లమీద ఆయన బూట్లు పచక్ పచక్‌మంటూ దిగడం కింద గుమ్మం దాకా వినబడింది.

ఆ తర్వాత తమ్ముడు అన్నమాటలన్నీ చెప్పనక్కర్లేదు. చలికాలం నుంచి ఒక్క సీసా గడప దాటలేదన్నాడు. పనివాళ్లు వెనకాల నవ్వుతున్నారన్నాడు. నాన్న ఉంటే ఇలా జరిగేదా అన్నాడు. దానికి ఆగమ్మ, నాన్న ఉంటే నువ్వు వడగళ్లు అమ్మేవాడివా అని ఎదురడిగింది. మాటకి మాట పెరిగింది. చివరికి వాడు నీళ్లలో కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"నువ్వు చూస్తున్నది వైన్ పాకమా అక్కా, నా ఓపిక పాకమా? అదైతే ఎప్పుడో మాడిపోయింది."

బయటి నుంచి ఇంకొకావిడని పిలిపించానని అప్పుడు చెప్పాడు. నదికి అవతల ఒక మాళిగలో పనిచేసేదట, సోమవారం వస్తుందట. అక్క ఇంక మేడమీద కూచుని విశ్రాంతి తీసుకోవచ్చట. విశ్రాంతి అన్నమాట వాడు ఎంత మెత్తగా అన్నాడంటే, ఆగమ్మకి ఆ గ్లాసు వాడి నెత్తిన పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. మాపు కర్ర తీసుకుని నేల తుడిచింది.

శనివారం ఆమె తన గ్లాసులు సర్దుకోవడానికి రుచి గదిలోకి వచ్చింది. అవి నాన్న కొనిచ్చిన గ్లాసులు, పాత గుడ్డల్లో చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. బయట నాలుగు రోజులుగా అకాలపు ముసురు. సన్నటి, దేనికీ పనికిరాని, ఆగని ముసురు. అమ్మ ఉతికిన దుప్పట్లు చంకనేసుకుని రొప్పుతూ లోపలికొచ్చింది. ఎడం చేతిలో సీసా ఉంది.

"ఇవాళ కూడానా అమ్మా?" అంది ఆగమ్మ విసుగ్గా.

"మరి తడి దుప్పట్లు కప్పుకుని పడుకోమంటావా? తాడు కట్టు."

ఆ సీసాల సంగతి ఇది. ఒక ఏడాది చుట్టుపక్కలంతా కరువొచ్చింది. తోటలు మాడిపోయాయి. ఒక తోట యజమాని ఏడుస్తూ వస్తే నాన్న జాలిపడి, ఎవరూ కొనని ఆ వైన్ మొత్తం కొన్నాడు. ఏళ్లు గడిచినా అది దారికి రాలేదు. ఎప్పుడు తీసినా ఒకటే ఎండ, మొహం మాడ్చే గాలి, నోట్లో బూడిద. నాన్న చాలాసార్లు చూసి, ఇది అయ్యే రకం కాదని వదిలేశాడు. ఆ అరకి ఎండ అని అట్టముక్క తగిలించాడు. వైన్ అమ్మేవాళ్లకి పనికిరానిది అమ్మకి మహా బాగా పనికొచ్చింది. వానాకాలంలో దుప్పట్లూ పరుపులూ ఆరేసుకోవడానికి ఒక్కో సీసా తెచ్చి బిరడా తీసేది. బట్టలు పెళపెళలాడాక వైన్ తూములో ఒంపేసేది. మొదట్లో ఆగమ్మ గొణిగింది. తర్వాత తన బట్టలూ తెచ్చి వేసింది.

ఇద్దరూ కలిసి తాడు కట్టారు. దుప్పట్లు పరిచారు. అమ్మ సీసా మోకాళ్ల మధ్య పెట్టుకుని బిరడా లాగింది.

ఎండ ఎప్పటిలాగే వచ్చింది. గచ్చు నేల క్షణంలో కాలింది. దుప్పట్లలోంచి ఆవిరి లేచింది. అమ్మ ఎండలోకి కాళ్లు చాపుకుని హాయిగా కళ్లు మూసుకుంది. ఆగమ్మ దుప్పట్ల మధ్య పీటేసుకుని గ్లాసులు చుడుతూ, తన జీవితం చివరికి బట్టలారేసే దగ్గరికి వచ్చిందని మనసులో అందరినీ పేరుపేరునా తిట్టుకుంటోంది. తమ్ముణ్ణి, హోటలాయన్ని, డాక్టర్ని, ఆ వచ్చే ఆవిణ్ణి.

తిట్లు పూర్తి కాకుండానే వెలుతురు తగ్గింది.

మొదట అమ్మే తలెత్తింది. "ఇదేంటే, నీడ పడుతోంది?" పైకప్పు కింద ఒక మబ్బు వచ్చి చేరుతోంది. దాని వెనక ఇంకోటి. వేడిగాలి ఆగిపోయింది. గది మొత్తం ఊపిరి బిగబట్టినట్టయింది. అమ్మ లేచి దుప్పట్లు లాగబోయింది. చేతులు పైకెత్తేసరికి మొదటి చినుకు ఆమె నుదుటిమీద పడింది. తర్వాత బల్లమీద, గచ్చుమీద, అట్టపెట్టె మీద. లావుపాటి, వెచ్చటి, తాపీ చినుకులు.

ఆ కరువు ఏడాది చివర్లో, ద్రాక్ష కోసే ముందు, ఒకే ఒక్కసారి వాన పడింది. అప్పటికే అంతా అయిపోయిందని ఎవరూ ఆ వానని లెక్కలోకి తీసుకోలేదు. వైన్ మాత్రం తీసుకుంది. ఇన్నేళ్లూ ఆ ఎండ కింద దాన్ని దాచుకుని కూచుంది.

ఆగమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. మట్టి వాసన వచ్చింది. ఆ గదిలో మట్టి ఎక్కడా లేదు. అయినా నెలల తరబడి కాలిన నేల మొదటి చినుక్కి ఎలా గుప్పుమంటుందో అలా వచ్చింది. ఆమె నమ్మలేదు. ఇంకోసారి పీల్చింది. ఈసారి తడి ఉన్ని వాసన వచ్చింది. అమ్మ తలకి రాసుకున్న నూనె వాసన వచ్చింది. మూలనుంచి మాపు కర్ర కంపు వచ్చింది. అది పాచి కంపని, చలికాలం నుంచీ ఇల్లంతా అదే కంపుతో తుడుస్తున్నానని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ కంపుకి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

గ్లాసు విప్పి సీసాలోది పోసింది. పాత బంగారం రంగు. ముక్కు దగ్గర పెట్టుకోడానికి భయమేసింది. పెట్టుకుంది. మైనం, తేనె, ఎండిన బత్తాయి తొక్క, వాటి వెనకాల తడి రాయి. నోట్లో బూడిద లేదు. ఎండంతా కరిగి ఆ ఒక్క వానలో కలిసిపోయింది. మింగాక కూడా చాలాసేపు నాలుకమీద నిలబడింది. ఇది తెరిపి కాదు.

"అయింది," అంది ఆగమ్మ.

"అవును, అయింది. నా దుప్పట్లన్నీ నీళ్లపాలయ్యాయి," అంది అమ్మ. "బతికున్నవాళ్లూ చెప్పరు, చచ్చినవాళ్లూ చెప్పరు, ఎండ అని రాసి వాన పెట్టారు ఇందులో."

"అమ్మా, నాకు వాసన తెలుస్తోంది."

అమ్మ దుప్పటి పిండడం ఆపింది. దగ్గరికొచ్చి తన చెయ్యి కూతురి ముక్కు దగ్గర పెట్టి, ఏంటో చెప్పమంది. ఉల్లిపాయ అంది ఆగమ్మ. అమ్మ చెయ్యి తీసుకుని, తడిసిన పైటకొంగుతో కళ్లు తుడుచుకుని, ఇప్పుడైనా వాడికి చెప్పి చావు అంది.

తమ్ముణ్ణి పిలవక్కర్లేకపోయింది. నీళ్లు మాళిగలోకి కారుతున్నాయని అరుస్తూ వాడే పైకొచ్చాడు. ఎవరు ఏ సీసా తీశారని గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. ఆగమ్మ గ్లాసు వాడి చేతిలో పెట్టింది. వాడు తిడుతూనే ఒక గుక్క తాగాడు. తిట్టడం సగంలో ఆగింది. రెండో గుక్క తాగాడు. వాన వాడి బట్టతల మీద మెల్లగా పడుతోంది. పక్కనే గొడుగుల బకెట్ ఉన్నా వాడు చెయ్యి చాపలేదు.

జ్వరం సంగతి, ముక్కు సంగతి, చలికాలం నుంచి తను అన్న ఆగాలి అన్నమాటల సంగతి ఆగమ్మ అప్పుడు చెప్పేసింది. ఒక్కటీ దాచలేదు. వాడు విన్నంతసేపూ విని గ్లాసు బల్లమీద పెట్టాడు.

"నేను నీకు తమ్ముణ్ణా, గుమాస్తానా?"

తర్వాత సీసా ఎత్తి పట్టుకుని, ఎన్ని మిగిలాయి ఇవి అనడిగాడు. ఇద్దరూ అమ్మవైపు తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు?" అంది అమ్మ. "ఇన్ని వానాకాలాలు మీరిద్దరూ పొడి పక్కలమీద ఎలా పడుకున్నారనుకున్నారు?"

అర నిండా ఉండాల్సిన చోట అడుగున ఒక్క వరస మిగిలింది. అదీ పూర్తి వరస కాదు. ఆ ఇంట్లో పండిన వైన్లన్నిటిలోకీ గొప్పది దాదాపు అంతా తూములోంచి వీధి కాలవలోకి పోయింది. తమ్ముడు మాళిగ మెట్లమీద కూచుని మిగిలినవి రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత లేచి హోటలాయనకి ఫోన్ చేసి, తుపానుది కాదు గానీ ఇంకోటి ఉంది, అక్కే అయిందంది అని చెప్పాడు.

ఆదివారమంతా అక్కాతమ్ముళ్లు చలికాలం నుంచి ఆపిన సీసాలన్నీ మళ్లీ తీశారు. మధ్యాహ్నానికి గదిలో చీలమండ లోతు నీళ్లు. కొన్ని పాకానికి వచ్చి ఉన్నాయి, కొన్ని రాలేదు. ఒక రకం తీస్తే మాత్రం ఏ వాతావరణమూ రాలేదు. గది గదిలాగే ఉంది. గ్లాసులో టీ రంగు, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. చలికాలంలో అమ్మి ఉంటే అది అద్భుతంగా ఉండేది. తమ్ముడు ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు. తిట్టనందుకు ఆమెకి ఇంకా కష్టమేసింది. చివరగా తుపాను వైన్ తీశారు. అది నిజంగానే ఇంకా కాలేదు. హోటలాయన ముందు ఆమె గుడ్డిగా అన్నమాట సరైనదే. తప్పైన దానికంటే, తెలియక ఒప్పైన దానికి ఆమెకి ఎక్కువ కోపమొచ్చింది.

సోమవారం పొద్దున్నే నదికి అవతల నుంచి ఆవిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. సొంత గొడుగు, సొంత రబ్బరు బూట్లు తెచ్చుకుంది. అక్కడ ఉన్న ఉద్యోగం మానేసి, అద్దె ఇల్లు ఖాళీ చేసి, రెండు పెట్టెలతో దిగింది. ఇంక అక్కర్లేదని ఆవిడకి చెప్పాల్సిన తమ్ముడు పీపాలు లెక్క చూడాలని చెప్పి మాళిగలోకి పారిపోయాడు. ఆ ఇంట్లో పీపాలే లేవు.

ఆగమ్మ మెట్లమీద నిలబడి ఆ పెట్టెలవైపు చూసింది. తమ్ముణ్ణి మనసులో మళ్లీ ఒక విడత తిట్టుకుంది. ఆవిడని చూసి జాలి పడదామనుకుంది గానీ ఆవిడ అప్పటికే లోపలికొచ్చి, మాపు కర్ర వాసన చూసి మొహం చిట్లించి, ఇది ఎన్నాళ్లయింది మార్చి అనడిగింది.

ఆగమ్మకి ఒక్కసారిగా ప్రాణం తేలికైంది. ఇంతమంది బతుకులు ఒక్క ముక్కుమీద నిలబడితే ఆ ముక్కు భయపడక ఏం చేస్తుంది? ఆవిడ పెట్టె ఒకటి తనే అందుకుని, పైన కిటికీ ఉన్న గది మీది అంది.

ఆ మధ్యాహ్నం తుపాను వైన్ ఇద్దరూ కలిసి చూశారు. గాలి ఒకసారి ఊడ్చి వెళ్లాక పైన నీలం ముక్క తేలింది. కొత్తావిడ గ్లాసులో ముక్కు పెట్టి, కొంచెం పుక్కిలించి, ఇది అయినట్టే అంది. కాలేదంది ఆగమ్మ. నిమ్మ చెక్క వాసన చూడండి, ఎంత గుండ్రంగా ఉందో అంది ఆవిడ. దాని కింద పచ్చి ఆకు ఉంది, మీకు తగలడం లేదా అంది ఈవిడ. తగిలింది, అది ఆకు కాదు, సోంపు అంది ఆవిడ. ఇద్దరూ ఒకే గ్లాసు లాక్కుంటూ వాసన చూశారు. తమ్ముడు గుమ్మంలో రెయిన్‌కోటు వేసుకుని, ఇంతకీ అమ్మమంటారా వద్దంటారా అని అడిగీ అడిగీ విసిగిపోయి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. వాళ్ల నెత్తిమీద మళ్లీ ఉరిమింది. ఆగమ్మ పైకి చూడకుండానే చేతిలో గొడుగు తెరిచి, సగం కొత్తావిడ వైపుకి జరిపి, సోంపా, ఏదీ, ఇంకోసారి ఇటివ్వండి అంది.